జీడీపీని దాటి ప్రగతిని లెక్కించడం ఎలా: కాగితం, కలం, ఫోన్ క్యాలిక్యులేటర్‌తో చేసి చూసే పద్ధతి

ఆర్థిక వ్యవస్థ పరిమాణాన్ని బట్టి వేసే జాబితాలో భారతదేశం మొదటి అయిదారు దేశాల్లో కనిపిస్తుంది. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం 2025 మే నెలలో వెలువరించిన మానవాభివృద్ధి నివేదికలో అదే దేశం 193 దేశాల మధ్య 130వ స్థానంలో ఉంది. రెండూ నిజమే. మొదటిది వినగానే పొంగిపోయేవారూ రెండోది వినగానే నివేదికనే తప్పుపట్టేవారూ ఎక్కువ. ఆ అంకెలోకి ఏమేమి చేరాయో, ఏమేమి బయట ఉండిపోయాయో విప్పి చూసేవారు తక్కువ. ఈ వ్యాసం విప్పి చూడాలనుకునేవారి కోసం రాసినది. తరగతి గదిలో చెప్పే ఉపాధ్యాయులకు, వార్త రాసే విలేకరులకు, పోటీ పరీక్షలకు చదివేవారికి, గ్రామ ప్రణాళిక తయారుచేసే పంచాయతీ కార్యదర్శులకు పనికొస్తుందని నా ఆశ. కావలసినవి ఒక పూట తీరిక, ఒక కాగితం, ఒక ఫోన్. ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో సంవర్గమానం (ln), ఘనమూలం (∛) మీటలు బయటపడతాయి. మనకు ఆ రెండూ కావాలి.

ముందుగా జీడీపీ దేన్ని కొలుస్తుందో ఖాయం చేసుకోండి

స్థూల దేశీయోత్పత్తి ఒక ఏడాదిలో ఒక హద్దు లోపల జరిగిన ఉత్పత్తి విలువ. అది సంక్షేమానికి కొలత అని దాన్ని రూపొందించినవారే అనలేదు. అమెరికా జాతీయాదాయాన్ని తొలిసారి పద్ధతిగా లెక్కగట్టిన సైమన్ కుజ్నెట్స్ 1934లో ఆ దేశ చట్టసభ కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలోనే, జాతీయాదాయాన్ని చూసి ఒక దేశ ప్రజల క్షేమాన్ని ఊహించడం కుదరదని హెచ్చరించాడు. కాబట్టి జీడీపీని తిట్టడంతో మొదలుపెట్టకండి. థర్మామీటరు రక్తపోటు చెప్పలేదని దాన్ని విసిరికొట్టం కదా.

మూడు ప్రశ్నలు వేసుకుంటే దాని పరిధి తేలిపోతుంది. మొదటిది, లెక్కలోకి రాని పని ఏది? పొద్దున్నే టిఫిన్ సెంటర్లో నాలుగు ఇడ్లీలు తింటే వాటి పూర్తి ధర ఉత్పత్తిలో భాగం. అవే ఇడ్లీలు ఇంట్లో వేస్తే బియ్యపు రవ్వ, మినపప్పు, గ్యాసు ఖరీదు మాత్రమే లెక్కకెక్కుతుంది, పిండి రుబ్బిన చేతుల శ్రమ ఎక్కదు. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న మహిళలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. దాదాపు అయిదు గంటల పని దేశ ఉత్పత్తి పట్టికలో ఎక్కడా కనిపించదు.

రెండో ప్రశ్న, నష్టం ఎటు పోయింది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. కూలిన స్తంభాల స్థానంలో కొత్తవి పాతడానికి, తెగిన తీగలు లాగడానికి, ఎగిరిపోయిన రేకులు మళ్లీ వేయడానికి పెట్టిన ప్రతి రూపాయీ ఉత్పత్తిలో కలిసింది. వేళ్లతో సహా పడిపోయిన చెట్లను మాత్రం ఏ ఖాతాలోంచీ తీసివేయలేదు, ఎందుకంటే అవి ఏ ఖాతాలోనూ ముందే లేవు. అనంతపురం జిల్లాలో రైతు ఎండిపోయిన బోరు పక్కనే మరింత లోతుగా ఇంకో బోరు వేయించినప్పుడూ ఇదే వరస: రిగ్గు బండికి ఇచ్చిన కిరాయి జమ అవుతుంది, దిగిపోయిన నీటిమట్టం ఖర్చు కాదు.

మూడో ప్రశ్న, తలసరి అన్నప్పుడు ఎవరి తల? తెలంగాణలో తలసరి ఆదాయం అన్నింటికంటే ఎక్కువగా ఉన్న జిల్లా రంగారెడ్డి. జిల్లా స్థాయిలో కొలిచేది ఆ హద్దుల లోపల జరిగిన ఉత్పత్తిని, అక్కడ నివసించేవారి చేతికి అందిన సొమ్మును కాదు. గచ్చిబౌలి, శేరిలింగంపల్లి ప్రాంతాల సాఫ్ట్‌వేర్ కంపెనీల ఉత్పత్తి అంతా ఆ జిల్లా ఖాతాలోదే. అదే జిల్లాలోని యాచారం మండలపు కౌలు రైతు తలకూ ఆ సగటే కట్టి చూపిస్తారు. జిల్లాల మధ్య పోలిక రాసేటప్పుడు ఈ ఒక్క వాక్యం జతచేస్తే సగం అపార్థాలు పోతాయి.

మానవాభివృద్ధి సూచికను ఒకసారి చేత్తో కట్టండి

ఈ వ్యాసంలో అసలు పని ఇదే కాబట్టి ఇక్కడ నిదానంగా వెళ్దాం. మానవాభివృద్ధి సూచికను పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ 1990లో, అమర్త్య సేన్ సహకారంతో తీసుకొచ్చాడు. దీర్ఘమైన ఆరోగ్యకరమైన జీవితం, చదువు, బతుకుతెరువుకు చాలినంత ఆదాయం అనే మూడింటిని కలిపి సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకెగా చెప్పడం దాని పద్ధతి. 2025 నివేదికలో భారతదేశానికి ఇచ్చిన ముడి అంకెలు నాలుగు: సగటు ఆయుర్దాయం 72.0 ఏళ్లు, ఇప్పుడు బడిలో చేరే పిల్లలు చదువుతారని అంచనా వేసిన ఏళ్లు 13.0, 25 ఏళ్లు దాటిన పెద్దలు సగటున చదివిన ఏళ్లు 6.9, కొనుగోలు శక్తి ప్రకారం సరిచేసిన తలసరి జాతీయాదాయం 9,047 డాలర్లు. ఇవి 2023 సంవత్సరానికి చెందినవి.

ప్రతి అంకెకూ ఒక కింది గట్టు, ఒక పై గట్టు ముందే నిర్ణయించి ఉంటాయి. ఆయుర్దాయానికి అవి 20, 85. కాబట్టి 72 నుంచి 20 తీసివేసి, వచ్చిన 52ను 65తో భాగిస్తే 0.800. చదువుకు రెండు భాగాలు, రెండింటికీ కింది గట్టు సున్నా: 13.0ను 18తో భాగిస్తే 0.722, 6.9ను 15తో భాగిస్తే 0.460, రెండింటి సగటు 0.591. ఆదాయానికి గట్లు 100, 75,000 డాలర్లు, అయితే ఇక్కడ నేరుగా భాగించరు, సంవర్గమానం తీసుకుంటారు. 9,047ను 100తో భాగించి సహజ సంవర్గమానం నొక్కితే 4.505, 75,000ను 100తో భాగించి నొక్కితే 6.620, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.681. ఇప్పుడు 0.800, 0.591, 0.681లను గుణించి ఘనమూలం తీయండి. 0.685 వస్తుంది. నివేదికలో అచ్చయిన అంకె అదే.

చేత్తో కట్టినప్పుడే కనిపించే సంగతులు రెండున్నాయి. ఆదాయానికి సంవర్గమానం ఎందుకు? 9,047 డాలర్ల దగ్గర ఇంకో వెయ్యి చేరితే ఆదాయ సూచిక 0.016 పెరుగుతుంది. 60,000 డాలర్ల దగ్గర అదే వెయ్యి చేరితే 0.0025 మాత్రమే పెరుగుతుంది. పస్తులున్న ఇంటికి చేరిన వెయ్యి రూపాయలూ మేడలో ఉన్నవారికి చేరిన వెయ్యి రూపాయలూ ఒకటి కావన్న లోకజ్ఞానాన్ని గణితంలో పెట్టారన్నమాట. ఇక మామూలు సగటు మానేసి ఘనమూలం ఎందుకంటే, ఒకదాని లోటును ఇంకొకదాని మిగులు పూడ్చేయకుండా. 0.9, 0.3, 0.9 అనే మూడు అంకెల మామూలు సగటు 0.700, గుణించి ఘనమూలం తీస్తే 0.624. ఒక కాలు కుంటితే నడకంతా కుంటుతుందని ఈ పద్ధతి ఒప్పుకుంటుంది. 2010 దాకా మామూలు సగటే వాడేవారు. ఆ ఏడాది పద్ధతి మార్చారు కనుక అంతకుముందు నివేదికల అంకెలను ఇప్పటి అంకెల పక్కన పెట్టి వృద్ధి అని రాయకూడదు. ప్రతి నివేదికలోనూ పాత సంవత్సరాలకు తిరగగట్టిన పట్టిక ఒకటి ఉంటుంది, పోలికకు దాన్నే వాడాలి.

ఇప్పుడు నిజమైన అభ్యాసం. పెద్దల సగటు చదువు 6.9 నుంచి 8.9 ఏళ్లకు పెరిగిందనుకుని మిగతావన్నీ అలాగే ఉంచి మళ్లీ కట్టండి. సూచిక 0.710కి చేరుతుంది, అంటే 0.700 దగ్గర మొదలయ్యే ఉన్నత మానవాభివృద్ధి తరగతిలోకి దేశం అడుగుపెడుతుంది. అదే 0.710ని చదువు ముట్టుకోకుండా ఆదాయంతోనే సాధించాలంటే తలసరి ఆదాయం 9,047 నుంచి సుమారు 15,000 డాలర్లకు, అంటే మూడింట రెండు వంతులు పెరగాలి. విద్యార్థుల చేత ఈ లెక్క చేయిస్తే వచ్చే చర్చ ఏ పాఠంలోనూ రాదని నా అనుభవం. అయితే ఒక హెచ్చరిక వెంటనే చెప్పాలి: పెద్దల సగటు చదువు ప్రభుత్వం తలచుకోగానే పెరిగేది కాదు. నేటి పిల్లలు 25 దాటాలి, చదువుకు నోచుకోని పాత తరం క్రమంగా తగ్గాలి. రెండేళ్ల పెరుగుదలకు దశాబ్దాలు పడుతుంది.

సగటు వెనక ఎవరున్నారో వెతకండి

అదే నివేదికలో అసమానతలను సరిచేసిన సూచిక పక్కనే ఉంటుంది. భారతదేశానికి అది 0.475. అంటే ఆరోగ్యం, చదువు, ఆదాయం జనంలో సమానంగా పంపిణీ కాకపోవడం వల్ల సూచికలో 30.7 శాతం కరిగిపోయింది. 0.685 అని రాసినచోట 0.475 కూడా రాయడం అలవాటు చేసుకోండి.

మన దేశానికి ఇంతకంటే దగ్గరి పనిముట్టు నీతి ఆయోగ్ వాడే బహుముఖ పేదరిక సూచిక. ఆదాయం అడగకుండా పన్నెండు లేమిలను అడుగుతుంది. 2015–16, 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేల మధ్య దేశంలో బహుముఖ పేదల వాటా 24.85 శాతం నుంచి 14.96 శాతానికి, తెలంగాణలో 13.18 నుంచి 5.88కి, ఆంధ్రప్రదేశ్‌లో 11.77 నుంచి 6.06కి తగ్గిందని 2023 నివేదిక చెప్పింది. తగ్గుదల గొప్పదే. కానీ పేదలని తేల్చే గీత ఎక్కడ గీశారో చూడకుండా ఆ అంకెను వాడవద్దు.

ఒక ఇంటిని ఊహించండి. ఆ ఇంట్లో ఎవరూ ఆరేళ్ల చదువు పూర్తిచేయలేదు. దానికి భారం, అంటే మొత్తం లెక్కలో దాని వాటా, ఆరింట ఒకటి. కట్టెల పొయ్యి, పూరిల్లు, మరుగుదొడ్డి లేకపోవడం, బ్యాంకు ఖాతా లేకపోవడం. ఒక్కోదానికి ఇరవై ఒకటింట ఒకటి. మొత్తం కలిపితే 0.357. మూడింట ఒకటి, అంటే 0.333 దాటింది కనుక ఆ కుటుంబం పేదదే. ఇప్పుడు ఎవరో వచ్చి బ్యాంకు ఖాతా తెరిపించారు. మొత్తం 0.310కి దిగింది. ఆ సాయంత్రానికి ఆ కుటుంబం పేదల లెక్కలోంచి బయటపడింది. పొయ్యిలో పొగ, కప్పు మీద తాటాకు అలాగే ఉన్నాయి. సూచిక మోసమని దీని అర్థం కాదు. గీతకు కాస్త ఇవతల, కాస్త అవతల ఉన్నవాళ్ల కోసం ప్రత్యేకంగా వెతకాలని అర్థం.

వెతకాల్సినవాళ్లు మరికొందరున్నారు: సర్వే వచ్చిన రోజు ఇంట్లో లేనివాళ్లు. ఇందుకు భూటాన్ మంచి ఉదాహరణ. 1970లలో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ కాలంలో పుట్టిన స్థూల జాతీయ ఆనందం అనే భావన 2008 రాజ్యాంగంలోకి ఎక్కింది. తొమ్మిది రంగాలు, 33 సూచికలతో 2010, 2015, 2022లలో దేశవ్యాప్త సర్వేలు జరిగాయి. కాలం గడిపే తీరును, ఇరుగుపొరుగు బంధాలను, సంస్కృతిని ప్రగతిలో భాగంగా కొలవడం నిజంగా నేర్చుకోదగ్గ పని, భూమిలో కనీసం 60 శాతం అడవి ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకోవడం కూడా. అయితే 1990లలో దేశం విడిచి నేపాల్ శిబిరాలకు చేరిన లక్షమందికి పైగా నేపాలీ భాషీయులను ఆ సర్వే అడగలేదు, ఈమధ్య ఆస్ట్రేలియాకు తరలిపోతున్న యువతనూ అడగలేదు. మన దగ్గర కూడా పాలమూరు నుంచి వలస వెళ్లిన కూలీ కుటుంబం తాళం వేసిన ఇల్లుగానే సర్వే పుస్తకంలో మిగలవచ్చు. ఏ సూచిక చూసినా, వెళ్లిపోయినవారు ఇందులో ఉన్నారా అని అడగండి.

భూమి మీద పడిన బరువును కలపండి

2020 మానవాభివృద్ధి నివేదిక ఒక కొత్త అడుగు వేసింది. ఒక దేశంలో తలకు ఎంత బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) వెలువడుతోంది, ఆ దేశపు వినియోగం కోసం తలకు ఎంత ముడిపదార్థం భూమిలోంచి తవ్వితీస్తున్నారు అన్న రెండు అంకెలను తీసుకుని, వాటిని చరిత్రలో నమోదైన గరిష్ఠ స్థాయితో పోల్చి, రెండింటి సగటుతో ఒక సవరణ గుణకం తయారుచేసి, దాన్ని మానవాభివృద్ధి సూచికతో గుణించింది. ఆ ఏడాది మొదటి స్థానంలో ఉన్న నార్వే సూచిక 0.957. దాని గుణకం 0.816. గుణించండి: 0.781. నార్వే పదిహేను స్థానాలు కిందికి జారింది. భారతదేశపు 0.645ను 0.971తో గుణిస్తే 0.626; మనం ఎనిమిది స్థానాలు పైకి వెళ్లాం.

ఈ రెండో వాక్యం విని సంబరపడే ముందు ఒక క్షణం ఆగాలి. మన గుణకం ఒకటికి అంత దగ్గరగా ఉండటానికి కారణం మనం ప్రకృతిని కాపాడుకున్నామని మాత్రమే కాదు, కోట్లమందికి ఇంకా చాలినంత కరెంటు, ఇనుము, సిమెంటు అందలేదని కూడా. పేదరికాన్ని పర్యావరణ నిష్ఠగా చెప్పుకోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

వాతావరణ ఒప్పందాల వార్తల్లో ఇంకో కొలత తరచుగా కనిపిస్తుంది: ఉద్గార తీవ్రత. పారిస్ ఒప్పందం కింద 2022లో సవరించిన హామీ ప్రకారం, జీడీపీలో ప్రతి యూనిట్‌కు వెలువడే ఉద్గారాలను 2005తో పోలిస్తే 2030 నాటికి 45 శాతం తగ్గిస్తామని భారతదేశం చెప్పింది. 2020 నాటికే 36 శాతం తగ్గిందని ప్రభుత్వం ఐక్యరాజ్య సమితికి నివేదించింది. ఇది చదివి ఉద్గారాలు 36 శాతం తగ్గాయని రాసిన శీర్షికలు నేను చూశాను. అది తప్పు. ఎందుకు తప్పో కాగితం మీద చూద్దాం. అర్థం కావడానికి ఊహించిన అంకెలివి: మొదట ఉత్పత్తి 100, ఉద్గారాలు 100, తీవ్రత 1. కొన్నేళ్లకు ఉత్పత్తి 250, ఉద్గారాలు 160. 160ని 250తో భాగిస్తే 0.64. తీవ్రత 36 శాతం తగ్గింది, ఉద్గారాలు 60 శాతం పెరిగాయి. ఆకాశానికి తెలిసేది రెండో అంకే. జీడీపీని దాటాలని మాట్లాడుకునే వేదిక మీదే జీడీపీ భాగించే అంకెగా కూర్చుని ఉందన్న విడ్డూరాన్నీ గమనించండి.

అలాగని తీవ్రతతో హామీ ఇవ్వడం దొంగలెక్క అని కొట్టిపారేయడం కూడా సరికాదు. ఉద్గారాలను కనీసం మూడు విధాల కొలవవచ్చు. ఏటి మొత్తంలో చైనా, అమెరికాల తర్వాత మనదేశం మూడోది. తలసరిగా చూస్తే బొగ్గుపులుసు వాయువులో మనది ప్రపంచ సగటులో సగం కూడా లేదు. పారిశ్రామిక విప్లవం నుంచి పోగుపడిన మొత్తం చూస్తే అమెరికా, ఐరోపాల వాటా ముందు మనది చిన్నది. 1992 వాతావరణ ఒప్పందం బాధ్యత అందరిదీ అయినా సమానం కాదని ఒప్పుకున్నది ఈ మూడో లెక్కను మనసులో ఉంచుకునే. ఎవరు ఏ కొలతతో మాట్లాడుతున్నారో చూస్తే వారు బల్లకు ఏ వైపు కూర్చున్నారో తెలిసిపోతుంది. కాబట్టి మూడూ ఒకే పట్టికలో రాయండి.

ఏ అంకె ఎవరి చేతిలో నిర్ణయమవుతుందో తెలుసుకోండి

కొలతలు పుస్తకాల్లో ఉండిపోతే పేచీ లేదు. ప్రపంచ పాలనలో డబ్బు కొలతల వెంట నడుస్తుంది. కరీబియన్ ద్వీపదేశం డొమినికాను 2017 సెప్టెంబరులో మరియా తుపాను తాకినప్పుడు ఒక్క రాత్రిలో జరిగిన నష్టం ఆ దేశ వార్షిక జీడీపీకి 226 శాతమని అంచనా వేశారు. అంటే రెండేళ్లకు పైగా దేశమంతా చేసే సంపాదన. ప్రపంచ బ్యాంకు తక్కువ వడ్డీ అప్పులకు అర్హతను ప్రధానంగా తలసరి ఆదాయాన్ని బట్టి చూస్తుంది. చిన్న ద్వీపాలకు కొన్ని మినహాయింపులున్నా, తుపాను దారిలో కూర్చున్న మధ్యాదాయ దేశం తన ముప్పును ఆ అంకెలో చూపించలేదు. ఆ ద్వీపాలు ఏళ్లతరబడి చేసిన ఒత్తిడి వల్లే బహుముఖ దుర్బలత్వ సూచిక ఒకటి ఐక్యరాజ్య సమితిలో రూపుదిద్దుకుని 2024లో సర్వసభ్య సభ ముందుకు వచ్చింది. అత్యల్పాభివృద్ధి దేశాల జాబితా మాత్రం ముందునుంచీ ఆదాయం ఒక్కదాన్నే నమ్ముకోలేదు. మానవ సంపద సూచికనూ ఆర్థిక, పర్యావరణ దుర్బలత్వ సూచికనూ కలిపి చూస్తుంది. 2023 డిసెంబరులో ఆ జాబితా దాటిన దేశం భూటానే.

విధాన చరిత్ర తెలుసుకోవాలంటే నాలుగైదు మైలురాళ్లు చాలు. ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ కోరికపై జోసెఫ్ స్టిగ్లిట్జ్, అమర్త్య సేన్, జాన్ పాల్ ఫితూసీల సంఘం 2009లో నివేదిక ఇచ్చింది. 2011లో భూటాన్ ప్రతిపాదించిన ఆనంద తీర్మానాన్ని సర్వసభ్య సభ ఆమోదించింది. 2015 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 17.19వ ఉపలక్ష్యం, జీడీపీకి తోడుగా నిలిచే కొలతలను 2030 నాటికి తయారుచేయాలని చెప్పింది. తోడుగా అన్న మాట చూడండి. దాన్ని తొలగించి వేరొకటి పెట్టమనలేదు. 2024 సెప్టెంబరులో దేశాలు ఆమోదించిన భవిష్యత్ ఒప్పందం ఆ పనికి నిపుణుల బృందాన్ని కోరింది. 2025లో ఏర్పాటైన ఆ బృందానికి ఆర్థికవేత్తలు కౌశిక్ బసు, నోరా లస్టిగ్ సహాధ్యక్షులుగా నియమితులయ్యారు.

వీటన్నింటికంటే తక్కువ చప్పుడుతో, బహుశా ఎక్కువ ప్రభావంతో జరిగిన మార్పు ఇంకొకటుంది. జీడీపీని ఎలా కట్టాలో చెప్పే అంతర్జాతీయ నియమావళి, అంటే జాతీయ లెక్కల పద్ధతి, 2025 మార్చిలో ఐక్యరాజ్య సమితి గణాంక సంఘంలో సవరణ పొందింది. కొత్త పద్ధతిలో సహజ వనరులు తరిగిపోవడాన్ని ఉత్పత్తి వ్యయంగా చూస్తారు, తరుగు తీసివేసిన నికర ఉత్పత్తికి ప్రాముఖ్యం ఇస్తారు. దేశాలు దీన్ని అమలుచేయడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. ముందుముందు పత్రికలో జీడీపీ వార్త చదివినప్పుడు స్థూలమా, నికరమా అని అడిగే అలవాటు ఇప్పటినుంచే చేసుకోవచ్చు.

మీ ఊరికి ఒక పట్టిక తయారుచేయండి

పైన నేర్చుకున్నదంతా ఒక పంచాయతీకి దింపడం కష్టం కాదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఏప్రిల్‌లో విడుదలచేసిన పంచాయతీ పురోగతి సూచిక 2022–23 సంవత్సరానికి 2.16 లక్షల గ్రామ పంచాయతీలను తొమ్మిది అంశాల్లో అంచనా వేసింది. 75 మార్కులు దాటిన 699 పంచాయతీల్లో 346 గుజరాత్‌వి, 270 తెలంగాణవి. 90 దాటి అత్యున్నత శ్రేణికి చేరినది దేశంలో ఒక్కటీ లేదు. మీ పంచాయతీ మార్కులు చూసి, ఏ అంశంలో తగ్గాయో రాసుకోండి. అక్కడితో ఆగకుండా సొంతంగా ఆరు వరుసల పట్టిక ఒకటి వేయండి. ఆరుకు మించితే ఎవరూ నింపరు.

నేను వేసే వరుసలు ఇవి. ఊళ్లో ఒకే బావిలో మే నెలలోనూ నవంబరులోనూ నేల మీది నుంచి నీరు ఎన్ని అడుగుల లోతున ఉందో. పదో తరగతిలో చేరినవారిలో పరీక్ష రాసినవారు ఎందరో. గత ఏడాది రక్తహీనతతో ప్రసవానికి వెళ్లినవారు ఎందరో. ఇది ఆశా కార్యకర్తను అడిగితే తెలుస్తుంది, పేర్లు మాత్రం రాయకూడదు. నీళ్లకూ వంటచెరకుకూ ఒక ఇంటి ఆడవాళ్లు రోజుకు ఎన్ని నిమిషాలు వెచ్చిస్తున్నారో, పది ఇళ్లలో అడిగి. ఏడాదిలో మూడు నెలలకు మించి ఊరు విడిచిన కుటుంబాలు ఎన్నో. ఏప్రిల్, మే నెలల్లో ఎండ వల్ల పని మానుకున్న రోజులు ఎన్నో. చివరిది వింతగా అనిపించవచ్చు గానీ, 2015 వేసవిలో దేశంలో రెండువేల మందికి పైగా వడదెబ్బతో చనిపోయినప్పుడు వారిలో ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాలవారే. వాతావరణ మార్పు ఊరి దాకా వచ్చి కూర్చునే చోటు అదే: కూలి పోయిన రోజు.

ఈ ఆరింటినీ కలిపి ఒకే మార్కుగా మార్చాలన్న కోరిక పుడుతుంది. మార్చకండి. దేశాలను పోల్చడానికి ఒక్క అంకె కావాలి, దానికోసమే అన్ని గట్లూ భారాలూ పెట్టుకున్నారు. ఊరికి ఆ అవసరం లేదు. నీటిమట్టం పదడుగులు దిగిపోయి బడి హాజరు పెరిగితే, సగటు ఏమీ మారలేదని చెబుతుంది, జరిగినవి మాత్రం రెండు వేరువేరు సంగతులు. ప్రతి వరుస పక్కన పైకి, కిందికి బాణం చాలు. మార్కుల కోసం పని జరగడం మొదలైతే కొలత చెడిపోతుందని కూడా గుర్తుంచుకోండి. మరుగుదొడ్లు ఎన్ని కట్టారని అడిగితే లెక్క నిండుతుంది, వాటిలో కట్టెలు దాచినా సరే; ఎందరు వాడుతున్నారని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

పట్టిక అడుగున ప్రతి అంకెకూ ఒక వాక్యం రాయండి: ఏ నెలలో, ఎవరు, ఎక్కడ కొలిచారో, ఏది కలపలేదో. ఉదాహరణకు ఇలా: "ఊరి చెరువు పక్క పంచాయతీ బావి, మే రెండో వారం, పొలాల్లోని బోర్లు ఇందులో లేవు." వచ్చే ఏడాది ఇంకొకరు కొలిచినా అదే బావి దగ్గర నిలబడాలి, తాడు అదే గట్టు మీది నుంచి వదలాలి.